ఒకటా, ఐదా?

మనుషుల గుంపుని కూడా గ్రహాల్లా లెక్కగట్టాలని ఫ్రాన్సులో ఆగస్ట్ కోంత్ అనే పెద్దమనిషికి కోరిక పుట్టింది. ఆ చదువుకి 'సామాజిక భౌతికశాస్త్రం' అని పేరు కూడా అనుకున్నాడు. 1835లో బెల్జియం గణాంకవేత్త కెత్లే అదే పేరు తన పుస్తకానికి వాడేసుకున్నాడు. కోంత్‌గారికి ఒళ్లు మండి 'సోషియాలజీ' అని కొత్త బోర్డు రాయించాడు. బోర్డు మారింది గానీ, భౌతికశాస్త్రం పక్కన కుర్చీ వేయించుకోవాలన్న యావ ఈనాటికీ తీరలేదు.

ఆ యావ మా ఆనందపురం పూల మార్కెట్ దాకా వచ్చిందనుకోండి. చామంతులు తూకం వేస్తున్న మామ్మ ముందు ట్యాబ్ పట్టుకున్న సర్వే కుర్రాడు నిలబడతాడు.

"మీ జీవన ప్రమాణంపై సంతృప్తిని ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండమ్మా."

మామ్మ ఎగాదిగా చూసి, "ఏ ఊరు బాబూ మీది? ఎవలి పిల్లడివి? పెళ్లయిందేటి? జీతం ఏపాటి?" అంటుంది.

నాలుగు ప్రశ్నల్లో ప్రాంతం, కులం, కుటుంబం, వర్గం తేలిపోయాయి. గ్రాంటు లేదు, ఎథిక్స్ కమిటీ లేదు. కుర్రాడు మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నాడు.

"ఒకటా, ఐదా అమ్మా?"

"కిలో ఎంతకి పోతాదో తేలనీ, అప్పుడు సెప్తాను."

కుర్రాడు మూడు నొక్కుతాడు. మూడంటే తటస్థం. ఆ మూడు మీద రేపు ఎవరికో డాక్టరేట్ వస్తుంది. ఈ ఐదు మెట్ల కొలత 1932లో అమెరికాలో లైకర్ట్ కనిపెట్టాడు. ఆయనకి చామంతి బేరం తెలియకపోవడం ఆయన తప్పు కాదు.

లెక్కలే వద్దని కాదు. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాల లెక్కా తీయకపోబట్టే, ఇన్నాళ్లూ నోటికొచ్చిన శాతం చెప్పుకుని ఎవరికి వారు నెట్టుకొచ్చారు. లెక్క తీయండి. తీసింది మాకూ అర్థమయ్యేలా చెప్పండి.

మైసూరు పల్లె రాంపుర మీద సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ ఏళ్ల తరబడి క్రోడీకరించిన నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పుకి మూడు ప్రతులూ కాలిపోయాయి. చేసేది లేక జ్ఞాపకం మీద రాశాడు. 1976లో వచ్చిన ఆ పుస్తకం, 'ది రిమెంబర్డ్ విలేజ్', మామూలు మనిషి కూడా చదవగలిగేలా ఉంది. మన విశ్వవిద్యాలయాలకి అగ్నిప్రమాదాలు కోరడం లేదు, సుమండీ.

2004లో అమెరికా సోషియాలజీ సంఘం అధ్యక్షుడు మైఖేల్ బురవోయ్ 'జనంతో మాట్లాడండర్రా' అన్న అర్థంలో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. దాని మీద చర్చ బ్రహ్మాండంగా జరిగింది, చాలావరకు జర్నళ్లలోనే.

పరిశోధకులకి ఒక్క విన్నపం. ఈసారి సర్వేకొస్తే ఫలితాన్ని ఒకే పేజీలో, తెలుగులో రాసి మార్కెట్ గోడకి అంటించండి. తప్పులుంటే మామ్మ దిద్దుతుంది. సహరచయితగా ఆమె పేరు కూడా వేయండి.