మూడు క్రెడిట్ల నాన్న

డాలస్ శివార్లలో, ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో, తెలుగువాళ్లింట సత్యనారాయణ వ్రతానికి వెళ్లండి, ఈయన తప్పక తగులుతాడు. ప్రసాదం అందుకుంటూనే మీ పిల్లల వయసు అడుగుతాడు. పదమూడు అంటే జాలిగా చూస్తాడు. "అయ్యో, ఇంకా స్కూలుకే పంపుతున్నారా?"

ఈయన పిల్లలు బడికి వెళ్లరు. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగానే లెక్కించాలని 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. బడి మాన్పించిన కారణం ఈయన నోట వింటే మీకు కళ్లనీళ్లొస్తాయి. ఎంసెట్ కోసం విజయవాడ హాస్టల్లో రెండేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిన ప్రాణం మరి. "ఆ ర్యాంకుల గోల మావాళ్లకొద్దండీ. స్వేచ్ఛగా పెరగాలి."

అలా స్వేచ్ఛగా పెరుగుతున్న అమ్మాయి పద్నాలుగేళ్లు నిండకుండానే ఎనిమిది కాలేజీ పరీక్షలు రాసింది.

వాటి పేరు క్లెప్. 1967లో పుట్టాయి, కాలేజ్ బోర్డు నడుపుతుంది. మొత్తం 34 సబ్జెక్టులు, ఒక్కోటి సుమారు గంటన్నర. పాసైతే, ఒప్పుకునే కాలేజీలో ఆ కోర్సు చదివేసినట్టే. చాలావాటికి మూడు క్రెడిట్లు. డిగ్రీకి 120 కావాలి. ఈ లెక్క తెలిసిన నాటి నుంచి ఈయనకు లోకమంతా మూడో ఎక్కంలోనే కనిపిస్తోంది.

వాషింగ్టన్ చూపించడానికి తీసుకెళ్తే అది అమెరికన్ గవర్నమెంట్, మూడు. లింకన్ విగ్రహం ముందు ఐస్‌క్రీమ్ అడిగిన పిల్లాడికి ముందు సెనేట్ అధికారాలు అప్పజెప్పాల్సి వచ్చింది. స్పానిష్ బాగా రాస్తే ఆరు, ఇంకా బాగా రాస్తే తొమ్మిది దాకా ఇచ్చే కాలేజీలున్నాయి. అందుకని లాన్ కోయడానికి వచ్చే మెక్సికో ఆయనతో పిల్లాణ్ణి మాట్లాడించి, కిటికీలోంచి తను కేకేస్తాడు: "ఒరేయ్, భూతకాలంలో మాట్లాడు!" తెలుగుకు క్లెప్ లేదు. కాబట్టి పిల్లలకు తెలుగు రాదు.

ఖర్చు సంగతి ఎత్తారో, భోజనం చల్లారిపోతుంది. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ పాఠాలు ఉచితంగా చెప్పి, పూర్తిచేసినవాళ్లకు పరీక్ష ఫీజు వోచరు కూడా ఇస్తుందని తెలిసిన రోజు ఈయన ఇంట్లో పరమాన్నం వండించాడు. హార్వర్డ్ లాంటి చోట్ల క్లెప్ చెల్లదు కదండీ అని ఎవరైనా గుర్తుచేస్తే, "వాళ్లకి డబ్బు విలువ తెలీదు" అని హార్వర్డ్‌ను క్షమించేస్తాడు.

చిక్కంతా భీమవరంలోని అమ్మతో ఫోన్లలోనే. క్లెప్ మార్కులు 20 నుంచి 80 దాకా ఉంటాయి. 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని సిఫార్సు. మనవరాలికి 58 వచ్చిందని గర్వంగా చెబితే, అవతల నాయనమ్మ కాసేపు మాట్లాడలేదు. "పోనీలేరా, బెంగపెట్టుకోకు. వచ్చేసారికి మంచి ట్యూషన్ పెట్టించు. పక్కింటి రమణ కొడుక్కి తొంభై ఎనిమిదట." స్కేలు వివరించబోయాడు. ఖాళీగా కూర్చున్నా ఇరవై వేస్తారని తెలిసేసరికి ఆవిడకు అమెరికా చదువు మీద ఉన్న ఆ కాస్త గౌరవమూ పోయింది.

ఎప్పుడైనా తప్పితే, అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో మైలే. సినిమా లేదు, పుట్టినరోజు పార్టీ లేదు.

మొన్న అమ్మాయి అడిగింది. "నాన్నా, పద్దెనిమిదేళ్లకే డిగ్రీ అయిపోతే, మిగిలిన టైములో ఏం చెయ్యను?"

క్షణం తడుముకోలేదు. "ఎమ్మెస్."

"దానికి క్లెప్ లేదుగా?"

నిజమే, లేదు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కాలేజ్ బోర్డుకు అర్జీ రాయడం మొదలుపెట్టాడు.