అంజూరసూత్రము: టీకాతాత్పర్య సహితము

మూలము: కన్ను విప్పిన పండు కోయుడు, తలుపు మూయుడు, గిన్నెలో వెనిగరు పోయుడు.

అవతారిక: న్యూజెర్సీలో కాపురముండు మా మేనకోడలు, పెరటి గాజుటింట తొట్లలో పెంచిన అంజూరములకు ఈగలు పట్టగా, అట్టముక్కపై వ్రాసి ద్వారమునకు వ్రేలాడగట్టిన సూత్రమిది. ఆ గాజుటింట ఆమెయు భర్తయు దప్ప అన్యులు ప్రవేశింపరు, వ్రాసినది ఆమె, కావున ‘కోయుడు’, ‘మూయుడు’ అను బహువచనము ఎవరి నుద్దేశించినదో చెప్పనక్కఱలేదు. అది గౌరవార్థకమని అల్లుడుగారి మతము.

టీక: కన్ను = కాయ కొననుండు రంధ్రము. అంజూరము, అనగా సీమమేడి, లోకము తలచునట్లు ఒక్క పండు కాదు; పూవులన్నియు లోపలికి తిరిగియున్న సంచి. ఆ సంచికి వెలుపలి జగత్తుతోడి సంబంధమెల్ల ఈ కన్నే. కాయ పండి మెడవాల్చినప్పుడు ఇది విచ్చును. తీపి పులియుచున్న వాసన దీనినుండియే వెలువడును. ఆ వాసనపట్టి వచ్చిన ఈగ దీనియందే గ్రుడ్లు పెట్టును. విప్పిన = ఆనాడే విప్పిన అని యర్థము. పచ్చిగానే కోయరాదా యందురేని, అంజూరము కోసిన పిదప తీపెక్కదు.

అధ్యాహారము: మూలమున ఈగ శబ్దమే లేదు, తెచ్చుకొనవలెను. ఏ యీగ? మోర్గన్ పండితునికి 1933లో నోబెల్ బహుమానము తెచ్చిపెట్టిన ఎఱ్ఱకన్నుల పులుపుటీగ యని కొందఱు. అది మాగి చిట్లిన పండునే కోరును. మగదాని ఱెక్కలపై చుక్కలును, ఆడుదానికి ఱంపము వంటి గ్రుడ్డు పెట్టు సాధనమును గల జపాను ఈగ యని మఱికొందఱు. 1931లో మత్సుమురా వర్ణించిన ఈ జాతి 2008లో కాలిఫోర్నియాలో కానవచ్చెను. చెడని తొక్కనైనను కోయగలదు. నాకు మాత్రము మూడవదానిపై అనుమానము మెండు. వీపున వెండిచారలు గల జాప్రియోనస్ ఇండియానస్ 1999లో బ్రెజిలు చేరి సావో పాలో ప్రాంతపు అంజూరతోటలను చెఱచినది, 2005లో ఫ్లోరిడాలో దిగినది. పుట్టిల్లు ఆఫ్రికా, భారతదేశమున గుప్తా 1970లో వర్ణించుటచే పేరు మనది, ఉద్యోగము అమెరికాలో. మా అల్లుడుగారికి దానిపై ఒకింత జాలి కలుగుట సహజమే.

పూర్వపక్షము: వేమన చెప్పిన మేడిపండు పురుగు ఇదియే కాదా? కాదు. మేడిలోని చిన్ని కందిరీగ ఇంటిమనిషి. అది పుప్పొడి మోయకున్న ఆ చెట్టునకు విత్తనమే లేదు. తొట్టిలోని అంజూరము పరాగ మక్కఱలేకయే పండు రకము. దానికి ఏ పురుగుతోను పనిలేదు. కాబట్టి ఇచట వేమనను సాక్షిగా పిలుచుట చెల్లదు.

పాఠాంతరము: గాజుటింటి ఆవిరికి అట్ట తడిసి ‘మూ’ అను నక్షరము చెఱగగా, ‘తలుపు తీయుడు’ అని అల్లుడుగారు పూరించిరి. గాలియాడక చెమ్మ నిలిచిన పండు పులియును, బూజు పట్టును. అందుచే ఈ పాఠము బొత్తిగా త్రోసివేయరానిది. తలుపునకును కిటికీలకును ఒక మిల్లీమీటరునకు మించని కన్నులుగల వల బిగించినచో ఉభయపాఠములును నిలుచును. ‘కన్ను’ శబ్దము వలకును వర్తించునని గ్రంథకర్త్రి యభిప్రాయము కాబోలు.

వెనిగరు = ఎర. ఇందు ఒక చుక్క సబ్బునీరు ఊహ్యము; అది లేనిచో ఈగ మీద వ్రాలి, త్రాగి, మరల ఎగిరిపోవును. గిన్నె ఒక్కటియే తోటను కాపాడునని భ్రమపడరాదు. ఎన్ని యీగలు వచ్చినవో లెక్కచెప్పుటయే దాని ముఖ్యప్రయోజనము.

తాత్పర్యము: పండిన పండు ఆనాడే కోయవలెను, రాలినదానిని ఎరువుగుంటలో వేయక, సంచిలో మూతిగట్టి ఎండ పెట్టవలెను, ఏలయన పాతిక డిగ్రీల వేడిమిలో పులుపుటీగ గ్రుడ్డు పది దినములలో ఈగ యగును. ఇది వ్రాయునాటికి అల్లుడుగారు వల కొనలేదు.