కొనే తొందరే గానీ పేరేదీ?

జహీరాబాద్ వాళ్లకు విమానాల మోత కొత్త కాదు. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే బీదర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది మరి. మా జమానాలో డాబా ఎక్కి ‘కిరణ్ పోతున్నది’ అనేవాళ్లం. ఇప్పుడు మనవడు అదే డాబా ఎక్కి ‘హాక్ మార్క్ 132’ అంటాడు. అదీ ఒక పేరేనా?

మా రోజుల్లో అక్షరాలూ అంకెలూ లేవని కాదు. కిరణ్‌కు హెచ్‌జేటీ-16 అని ఉండేది. విప్పితే హిందుస్థాన్ జెట్ ట్రైనర్. 1961లో మొదటిసారి ఎగిరిన మారుత్ హెచ్‌ఎఫ్-24, అంటే హిందుస్థాన్ ఫైటర్. దాన్ని డిజైన్ చేసింది కుర్ట్ టాంక్ అనే జర్మనీ ఆయన. అయినా పేరు మాత్రం మనదే. దుండిగల్ అకాడమీలో కుర్రాళ్లు ఎగరడం నేర్చుకున్నది దీపక్ మీద. ఆ దీపక్ పోయి, 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ పీసీ-7 మార్క్ 2 వచ్చింది. దానికి పేరు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

కొనుక్కొచ్చినవాటినీ అప్పట్లో అట్లా వదిలేయలేదు. ఫ్రాన్సు ఊరగాన్ తూఫానీ అయింది, మిరాజ్ 2000 వజ్ర అయింది. జాగ్వార్ శంషేర్, మిగ్-27 బహదూర్, మిగ్-29 బాజ్, ఆ భారీ ఇల్యూషిన్-76 గజరాజ్. మిగ్ అంటే ఏమిటి? మికోయాన్, గురేవిచ్ అనే ఇద్దరు డిజైనర్ల ఇంటిపేర్లు. పిల్లాణ్ని తెచ్చి పెంచుకున్నాక ఇంటిపేరుతోనే పిలుస్తామా, ముద్దుగా ఒక పేరు పెట్టుకోమూ? ఇప్పుడు సుఖోయ్-30 ఎంకేఐ ఇరవై ఏళ్లు దాటి మన దగ్గరుంది, ఇంకా ఇంటిపేరే. రఫేల్ రఫేలే, గ్లోబ్‌మాస్టర్ గ్లోబ్‌మాస్టరే.

మనవడు ఊరుకుంటాడా? ‘తాతా, కోడ్ ఉంటేనే సుఖం. అమెరికా 1962లో మూడు దళాలకూ ఒకే పద్ధతి పెట్టింది. ఎఫ్ అంటే ఫైటర్, బి అంటే బాంబర్, సి అంటే సరుకులు మోసేది. నాటో వాళ్లయితే రష్యా విమానాలకు తామే పేర్లు పెట్టారు. ఫైటర్లన్నీ ఎఫ్‌తోనే మొదలు, అందుకే మిగ్-21 ఫిష్‌బెడ్ అయింది’ అన్నాడు. చూశావా, శత్రువు విమానానికి కూడా వాళ్లు కూర్చుని పేరు పెట్టారు. మనం డబ్బు పోసి కొన్నదానికే పెట్టం!

‘మరి మీ శంషేర్‌ను శంషేర్ అని ఎవరు పిలిచారు? అందరూ జాగ్వార్ అనే అన్నారు కదా’ అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. కాగితం మీద పెట్టి నోటితో పిలవకపోతే ఏ పేరూ నిలవదు. 2003లో వాజ్‌పేయి మన యుద్ధ విమానాన్ని తేజస్ అన్నారు, జనం అందుకున్నారు. 2022లో మన యుద్ధ హెలికాప్టర్ ప్రచండ్ అయింది, అదీ నోళ్లలో పడుతున్నది. సొంతంగా చేసుకున్నవాటికి ఇంకా పేర్లు పెడుతున్నారు, అంతవరకు సంతోషం.

బీదర్‌లో 1996లో పుట్టిన విన్యాసాల దళం కిరణ్ విమానాలతోనే మొదలైంది. 2011లో అవి తప్పుకున్నాయి. తర్వాత హాక్‌లు వచ్చాయి. దళం పేరు మాత్రం ఇప్పటికీ సూర్యకిరణ్. హాక్‌ల మీద ఎగురుతున్నా, హాక్ దళం అని నా మనవడు కూడా అనడు. పేరు పెడితే మేం పిలుస్తాం సార్, ముందు పెట్టండి!