బ్యాటరీకి పాస్‌పోర్టు వచ్చేస్తోంది

శుభవార్త! 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరోపియన్ యూనియన్ మార్కెట్లోకి వచ్చే ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి. ఫోను తీసి క్యూఆర్ కోడ్ మీద పెడితే చాలు, జాతకమంతా కళ్లముందుంటుంది: ఎక్కడ తయారైంది, ఎంత కర్బనం వదిలింది, లోపల కోబాల్ట్ ఉందా లేదా. (పోలీసు వెరిఫికేషన్ కూడా లేదు, అదృష్టమంటే దానిదే!)

గనుల్లోంచి తీసే కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా కాంగోదే. అక్కడి కొల్వేజీ పట్టణం చుట్టుపక్కల పలుగూ పారా పట్టుకుని గుంతల్లోకి దిగేవాళ్లు తవ్విందీ అందులో ఉంది. బస్తాల్లో మోసుకొచ్చిన రాయిని డిపోలో తూకం వేసి కొంటారు. పిల్లలు కడిగిన రాయీ పెద్దలు తవ్విన రాయీ ఒకటే కుప్ప. చైనాలో శుద్ధి అయ్యేసరికి ఏది ఏ గుంతదో ఆ బ్రహ్మదేవుడూ చెప్పలేడు. పాస్‌పోర్టు మాత్రం జాతకమంతా చెబుతుందట!

పోనీ, ముడిసరుకు వెనక ఇలాంటి అఘాయిత్యాలు ఉన్నాయేమో కంపెనీలే ఆరా తీయాలని పాస్‌పోర్టు తెచ్చిన చట్టంలోనే ఇంకో నిబంధన ఉంది. 2025 ఆగస్టు 18న అమల్లోకి రావాల్సింది. పాపం, సిద్ధం కావడానికి వ్యవధి చాల్లేదట. 2027 ఆగస్టు 18కి జరిపారు. అంటే ముందు పాస్‌పోర్టు, ఆర్నెల్లకు విచారణ. తాళి కట్టాక పెళ్లిచూపులకు వెళ్లినట్టు.

కారు కొనేవాళ్లు కోడ్ స్కాన్ చేసి చూసుకోండి. గుంతలో దిగినవాడి కూలి ఎంతో చెప్పే గడి కోసం మాత్రం వెతక్కండి, చట్టంలోనే లేదు.