ముసుగు వీరులూ మగ్గం గుంతా

సూపర్‌మ్యాన్‌దీ మా ఎమ్మిగనూరు చేనేత సొసైటీదీ ఒకటే ఈడు. 1938లో అమెరికాలో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అట్ట మీద, నీలం బట్టలూ ఎర్ర కేపూ వేసుకున్న ఒకాయన కారును ఎత్తి బండకేసి కొట్టాడు. అదే 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. కారు ఎత్తడం కష్టమా, నేతగాళ్లను ఒక మాట మీదికి తేవడం కష్టమా అని మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. చాచా చౌదరిని సృష్టించిన ప్రాణ్ కూడా ఆ ఏడే, ఆగస్టు 15న పుట్టాడు. ఆ సంవత్సరం జాతకంలోనే ఏదో ఉంది.

సూపర్‌మ్యానూ సొసైటీ ఇద్దరూ గుడ్డను నమ్ముకున్నవాళ్లే. కాకపోతే సొసైటీ దుప్పటి ఎంత గట్టిగా నేసినా ఏదో ఒకనాటికి చిరుగుతుంది. సూపర్‌మ్యాన్ గుడ్డ చిరగదు. నేతగాడి కడుపు కొట్టడానికి ఇంతకు మించిన గుడ్డ ఉండదు. చిన్నప్పుడు ఇవేవీ తోచలేదు. ఎవడు ఎవణ్ని గుద్దాడు, ఎన్ని పళ్లు రాలాయి, అంతవరకే లెక్క. మా వీధిలో ప్రతివాడి మెడకూ సొసైటీ తువ్వాలు ఉండేది, ప్రతి గోడా ఎగరడానికే కట్టినట్టు ఉండేది.

ఈమధ్య ఇంటికి సున్నం కొట్టిస్తే అటక మీంచి రేకుపెట్టె దిగింది. లోపల బొద్దింకల సంసారం, దాని కింద కామిక్స్, ఎక్కువ ఇంద్రజాల్‌వే. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో మొదలుపెట్టి 1990 దాకా ఎనిమిది వందల పైచిలుకు సంచికలు వేశారు. మా పెట్టెలో మిగిలినవి వాటిలో చెదపురుగులు వద్దని వదిలేసినవి.

ఇవన్నీ ఆదోని సంపాదన. మా మేనమామ అక్కడ ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఎండాకాలం సెలవులు రాగానే, ఎమ్మిగనూరు ఎండ పిల్లలకు చాలదన్నట్టు, మమ్మల్ని ఆదోనికి తోలేవాళ్లు. ఆదోని చుట్టూ బండకొండలు. పగలంతా కాగి, రాత్రి భోజనాలయ్యాక ఆ వేడిని తీరిగ్గా ఊరి మీదికి వదులుతాయి. పత్తి బేరాలూ బట్టల అంగళ్లూ బంగారం కొట్లూ చూసి ఆ ఊరిని రెండో బొంబాయి అంటారు. నా లెక్కలో మాత్రం అసలు బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు ఆగుతుంది గనకే అది రెండో బొంబాయి. కామిక్స్ ఆ దారినే వచ్చేవి. సేట్ల పిల్లలు కొని చదివాక అద్దె పుస్తకాల అంగడికి, అక్కడినుంచి మా చేతికి, మా చేతినుంచి ఉగ్గాని బజ్జీ బండికి. సగం ఇంగ్లీషు, సగం హిందీ. అర్థం కానిచోట మేమే మాటలు పెట్టుకునేవాళ్లం. ఒక కథలో ఫాంటమ్‌ను మొసళ్ల మడుగులోకి తోసేస్తారు. ఆ తర్వాతి పేజీ మిరపకాయ బజ్జీల నూనెలో కలిసిపోయింది. నాకు ఉద్యోగమొచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టి, ఒక మిత్రుడి దగ్గర మొత్తం పుస్తకం దొరికేదాకా ఆ మహానుభావుడు మొసళ్ల మధ్యే ఈదుతున్నాడు. తీరా చూస్తే రెండే బొమ్మల్లో బయటికొచ్చేశాడు. ఒంటి మీద తడి కూడా లేదు.

పుస్తకాలను ఎండకు పంచలో పరిచాను. మా పెద్దనాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. బతుకంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేసిన మనిషి. ఇప్పుడు కాళ్లయితే పైకి తీశాడు గాని చూపు ఇంకా గుంతలోంచే. ఎవరు ఎదురైనా ముందు చొక్కా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతాడు. నూలెంత, పాలిస్టరెంత అని తేల్చుకున్నాకే క్షేమసమాచారం. ఆయన ఒక కామిక్ తీసి, అలవాటు కొద్దీ ఫాంటమ్ తొడ దగ్గర కాగితాన్ని నలిపి చూశాడు.

"ఈయప్ప గుడ్డ యాడిదిరా అబ్బీ? యాడా కుట్టు కానరాదు."

కథ చెప్పాను. 1536లో సముద్రపు దొంగలు తండ్రిని చంపితే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొడుకు పుర్రె మీద ప్రమాణం చేశాడు. అప్పట్నుంచి తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు అదే వేషం వేస్తున్నారు. ఈయన ఇరవై ఒకటో వాడు. అడవిలో జనం మాత్రం అందరూ ఒకడే, చావు లేనివాడు అనుకుంటారు.

"నాలుగు నూర్ల ఏండ్లు ఒకటే రంగా?"

"ఒకటే పెద్దనాయనా. అడవిపండ్లు పిండి ఏస్తారంట."

ఆయన నవ్విన నవ్వుకు పంచలో పిచ్చుకలు లేచిపోయాయి. "నేరేడుపండు రంగు నాలికకు పట్టినంత గట్టిగా గుడ్డకు పట్టదురా. పటిక ఎయ్యాల. పటిక లేకుంటే రెండు ఉతుకులకు ఈ కుక్క రంగుకొస్తాది."

"అది కుక్క కాదు, తోడేలు."

"ఏదైతేనేం, రంగు అదే."

నాకు తెలిసిన అసలు సంగతి అప్పుడు చెప్పాను. ఫాంటమ్ 1936లో పత్రికల్లో మొదలైనప్పుడు నలుపు తెలుపే. కథకుడు లీ ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైతే అచ్చులో ఊదా వచ్చి కూర్చుంది. స్వీడన్ దిక్కున నీలం వేశారు. ఇటలీలో, బ్రెజిల్‌లో ఎరుపు. పెద్దనాయన కళ్లద్దాలు తీశాడు. సొసైటీలో సరుకు తిప్పి కొట్టినప్పుడు ఆయన ముఖం ఇట్లాగే ఉండేది.

"చెప్పిన రంగు ఒకటి, వచ్చిన రంగు ఒకటి. ఆ థాను ఎనక్కి పంపల్యా?"

పంపలేదు. అడవికి ఆకుపచ్చ కాకుండా ఊదా ఏమిటని అడిగినవాడూ లేడు. దట్టమైన చెట్లలో ఊదా రంగు మనిషి తెల్ల గుర్రమెక్కి పోతుంటే శత్రువులకు కనిపించడు! చిన్నప్పుడు దీన్ని ఆయన శక్తి అనుకున్నాను. ఇప్పుడు చూస్తే శత్రువుల మంచితనంలా ఉంది.

ఇంకో పుస్తకంలో పెళ్లి. లీ ఫాక్ ఫాంటమ్‌కూ డయానాకూ ముడిపెట్టడానికి నలభై ఏళ్లు తాత్సారం చేసి, చివరికి 1977లో కానిచ్చాడు. ఇంద్రజాలికుడు మాండ్రేక్‌తో సహా పెద్దమనుషులంతా వచ్చారు. పెళ్లికొడుకు మాత్రం అదే బిగుతు జత, అదే ముసుగు. పెద్దనాయనకు ఇది మింగుడుపడలేదు. "పెండ్లికి కూడా కొత్తబట్టలు కట్టుకోల్యా! పిల్లనిచ్చినోళ్లు ఎట్లా ఊరుకున్యారు?" ఆ ఒక్క పేజీతో ఆయన ఫాంటమ్ మీద ఉన్న కాస్త గౌరవమూ తీసేశాడు. ఫాంటమ్ ఉండే పుర్రె గుహ ముందు తీగ మీద చారల చెడ్డీ ఆరేసిన బొమ్మ ఒక్కటైనా దొరుకుతుందేమోనని నేను పెట్టె మొత్తం గాలించాను. సింహాసనముంది, నిధులున్నాయి, పాత ఫాంటమ్‌ల సమాధులున్నాయి. దండెం లేదు.

పట్నానికి పోయేటప్పుడు ఫాంటమ్ ఆ బిగుతు జత మీదే ఓవర్‌కోటు తొడిగి, టోపీ పెట్టి, నల్లద్దాలు పెట్టుకుని, తోడేలును పట్టుకుని వాకర్ దొరగా బయల్దేరతాడు. మే నెలలో ఆ వాలకంతో ఆదోని బస్టాండులో దిగితే ఎట్లా ఉంటుందని ఊహించుకున్నాను. నేరస్థులు భయపడే మాట తర్వాత, ముందు పదిమంది చేరి చన్నీళ్లు చల్లి, నిమ్మకాయ సోడా తాగించి, "ఎవరి తాలూకప్పా నువ్వు?" అని అడుగుతారు. ఎమ్మిగనూరు బస్సెక్కితే కండక్టరు కుక్కకు టికెట్ కొట్టాలంటాడు. ఆయన అలవాటు ప్రకారం కుక్క కాదు తోడేలంటాడు. అయితే లగేజీ, పైన వెయ్యి అంటాడు కండక్టరు. అడవి న్యాయం అక్కడికి చెల్లు.

ఒక మాట చెప్పాలి. నలుపు మనుషుల అడవికి నాలుగు వందల ఏళ్లుగా ఒక తెల్లాయన తీర్పులు చెప్పడం ఇప్పుడు గొంతు దిగదు. ఆదోని ఎండకు కమిలిన మేం, చర్మం చూసుకుంటే అడవివాళ్ల పక్కన కూర్చోవలసినవాళ్లం. మాండ్రేక్ కథల్లో ఆయన తోడు లోథార్‌ది ఇంకా అన్యాయం. పుట్టుకకు రాకుమారుడు, 1934 నుంచి కట్టింది చిరుతపులి తోలు. 1965లో కొత్త బొమ్మలాయన వచ్చాక గాని చొక్కా దొరకలేదు. దాని మీదా చిరుత మచ్చలే. పక్కన మాండ్రేక్ మాత్రం కోటూ, కేపూ, పొడుగు టోపీతో ఎప్పుడూ పెళ్లికి పోతున్నట్టే ఉంటాడు. ఆయనకు ఉక్కపోత బాధ లేదు. చెయ్యి ఊపితే చూసేవాడికి చెమట కనపడదు.

సూపర్‌మ్యాన్ వంతు వచ్చింది. చెడ్డీ పైన ఎందుకని పెద్దనాయన అడగలేదు. సర్కస్ వస్తాదులూ కుస్తీవాళ్లూ అట్లాగే కట్టేవాళ్లు, ఆ కాలం బొమ్మలాయనకు బలవంతుడంటే వాళ్లే. పైగా మా వైపు బలమంటే రణమండల కొండ మీది ఆంజనేయస్వామి. ఆయనకూ కాసె పైకే కనిపిస్తుంది, ఎవరూ తప్పుపట్టలేదు. 1980లో ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్ సినిమా వచ్చినప్పుడు శక్తులిచ్చింది ఆంజనేయుడే అన్నారు, ఆదోనిలో అందరికీ సబబుగా తోచింది. అమెరికా వాళ్లు 2011లో ఆ ఎర్ర చెడ్డీ తీసేశారు. జనం గోల పెడితే 2018లో మళ్లీ తొడిగారు. మధ్యలో ఏడేళ్లు ఆయన్ను చూస్తే, తొందరలో ఏదో మర్చిపోయి బయటికొచ్చిన మనిషి అనిపించేది.

ఆ గుడ్డ ఎక్కడిదన్నది మాత్రం పెద్దనాయన అడిగాడు. పసివాణ్ని వేరే గ్రహం నుంచి పంపినప్పుడు చుట్టిన దుప్పట్లు అవి. పెంచిన తల్లి మార్తా కెంట్ వాటి దారం విప్పి మళ్లీ బట్ట చేసింది. కత్తెరకు తెగకపోతే పిల్లవాడి కంటి చూపుతోనే దారం కోయించింది. ఇది చెబుతుంటే పెద్దనాయన సర్దుకుని కూర్చున్నాడు.

"దుప్పటి ఇప్పిందా? పడుగు ఒక పక్క, పేక ఒక పక్క?"

"అంత వివరం రాయలేదు."

"ఎట్లా రాస్తారు, వాళ్లకు తెలిస్తే గదా. తెగని దారం కండెకు సుట్టేదెట్లా, ముడి ఏసేదెట్లా..." వేళ్లతో గాలిలో దారం కొస కోసం వెదికాడు. "ఈయమ్మకు కూలి ఏమిచ్చినారు?"

ఏమీ లేదన్నాను. పుస్తకం మూసి, అట్ట మీది మనిషి ముఖం కిందికి వచ్చేలా బోర్లించాడు.

బ్యాట్‌మ్యాన్‌ను ఆదోనికి నేనే పిలుచుకున్నాను. 1939 నుంచి నల్ల కేపుతో తిరుగుతున్న మనిషి, కాస్త ఎండ చూడాలి. దొంగను తరుముతూ జిన్నింగ్ మిల్లులోకి దూరాడనుకుందాం. గింజ విడిన దూది అక్కడ గాలిలో తేలుతుంటుంది, చెమట ఒంటికి అంటుకుంటే వదలదు. ఈ తలుపున కుర్రాడిగా పోయినవాడు ఆ తలుపున నెరిసిన తాతలా బయటికొస్తాడు. హమాలీలు చూసి లేచి నిలబడి, తాతా కూర్చోమని బేలు చూపిస్తారు. చాచా చౌదరి తోడు సాబూకు ఈ చిక్కు లేదు. బృహస్పతి గ్రహం నుంచి వచ్చిన ఆ పదిహేనడుగుల మనిషికి ప్రాణ్ చెడ్డీ, బూట్లూ ఇచ్చి సరిపెట్టాడు. చొక్కాకు పట్టే గుడ్డ లెక్కేసి పెద్దనాయన కూడా అదే మంచిదన్నాడు.

ఇంతమందిలోనూ మన ఎండకు తగిన బట్ట కట్టింది బహదూర్ ఒక్కడే. 1976లో ఆబిద్ సుర్తీ రాసిన చంబల్ లోయ కుర్రాడు, బందిపోటు కొడుకు. కాషాయం కుర్తా, జీన్సు, అంతే. ముసుగు లేదు, కేపు లేదు, ఎగరడం లేదు. చిన్నప్పుడు మాకు ఆయనంటే చప్పగా ఉండేది. ఇట్లాంటి కుర్తాలోళ్లు మార్కెట్ యార్డులోనే బోలెడుమంది, దానికి అద్దె కట్టి చదవాలా? ఇప్పుడు పెట్టె మొత్తంలో మళ్లీ మొదటినుంచి చదవాలనిపించింది ఆయన కథలే. పెద్దనాయన ఆ కుర్తాను నలిపి "నూలు" అని తలూపాడు. కాగితం మీద ఆయన ఇచ్చిన ఏకైక సర్టిఫికెట్టు అది. ఆబిద్ సుర్తీ సంగతి అంతకన్నా గమ్మత్తు. 2007 నుంచి ఆదివారాలు ప్లంబర్‌ను వెంటేసుకుని, ముంబై పక్కన మీరా రోడ్డులో ఇంటింటికీ పోయి కారే కుళాయిలు ఉచితంగా బాగు చేయిస్తూ వచ్చాడు. మా వైపుకు ఆయన్ను పిలవాలని ఉంది గాని, ఎండాకాలం మా కుళాయిల్లోంచి కారేది గాలి. దానికి వాషర్లు ఉండవు.

పొద్దు వాలింది. పుస్తకాలు పెట్టెలో సర్దుతుంటే పెద్దనాయన మళ్లీ ఫాంటమ్‌దే చేతికి తీసుకున్నాడు. కోపం దిగినట్టుంది. వ్యాపారం గుర్తొచ్చింది.

"ఇరవై ఒక్క తరాలు అంటివి. ఒకటే డిజైను, ఒకటే రంగు. కొలత ఒక్కటి మార్చుకుంటే సాలు. అట్లాంటి గిరాకీ సొసైటీకి దొరికింటే..." అంటూ వేళ్ల మీద లెక్కేశాడు. ఒంటికి, ముసుగుకు, మార్చుకోనీకె ఇంకో జత. చారల చెడ్డీకి వేరే పడుగు పెట్టాలి, దానికి ధర ఎక్కువ.

"ఉత్తరం రాయమంటావా పెద్దనాయనా?"

"రాయి. అడ్వాన్సు మాత్రం ముందే పంపమను. ముసుగేసుకున్నోనికి అప్పు పెట్టొద్దు."