నూనె మరక

లీడ్స్‌లో ఒక తెలుగు డాక్టరు గారున్నారు. సొంత ఊరు తెనాలి. ఇంగ్లాండు వెళ్లి పెద్దాసుపత్రిలో ఉద్యోగంలో చేరి అక్కడే ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి తర్వాత ఆయన ఇష్టపడి కొన్నది కారవాన్. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లు అది. ఆరుగురు పడుకోవచ్చు. స్టవ్, ఫ్రిజ్, హీటరు, స్నానాల గది అన్నీ అందులోనే.

కారవాన్ ఉన్నవాళ్లు ఆ దేశంలో చాలామంది. దాన్ని ఆయనలా ఉంచుకునేవాళ్లు తక్కువ.

కడిగే పద్ధతి ఆయన శ్రద్ధగా నేర్చుకున్నారు. సబ్బు నీళ్లు కింది నుంచి పైకి రుద్దాలి. పై నుంచి మొదలుపెడితే జారిన సబ్బు కింది మురికి మీద చారలు కడుతుంది. మంచినీళ్లతో కడగడం మాత్రం పై నుంచి కిందికే. కిటికీలు గాజువి కావు, యాక్రిలిక్. పొడిగుడ్డ తగిలితే గీతలు పడతాయి. అద్దాలు తుడిచే మందు కొడితే సన్నటి బీటలు తీస్తాయి. నీళ్లు పోసి దుమ్మును నానబెట్టి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ వాడాలి. అతుకుల దగ్గర పంపు ఒత్తిడి పెట్టకూడదు. అతుకులోకి ఎక్కిన నీరు గోడ లోపలి చెక్కను తినేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. వేళ్లకు మెత్తగా తగిలేనాటికి చేయి దాటిపోయి ఉంటుంది.

ఇవన్నీ తెలిసి, తెలిసినట్టే చేసే మనిషి ఆయన.

బట్టల అర తలుపు లోపలివైపు ఒక బొమ్మ అతికించుకున్నారు. 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ వాళ్లు తయారుచేసిన ‘వాండరర్’ అనే గుర్రపు బండిది. విహారం కోసమే కట్టించుకున్న తొలి కారవాన్ అని దానికి పేరు. కట్టించుకున్నాయన గోర్డన్ స్టేబుల్స్, నౌకాదళంలో పనిచేసిన డాక్టరు. బయటి గాలి ఒంటికి మంచిదని నమ్మినవాడు. తనూ డాక్టరే కాబట్టి మన డాక్టరు గారికి ఆ బొమ్మంటే గౌరవం. చూడవచ్చిన వాళ్లందరికీ చూపించేవారు.

కారవాన్ లోపల కొన్ని నియమాలుండేవి. చెప్పులు గుమ్మం బయటే. వేపుళ్లు, పోపులు బయట గుడారంలో, వేరే పొయ్యి మీద. లోపలి స్టవ్ మీద పాలు, టీ మాత్రమే. కిటికీలు తెరవకూడదు. తెరిస్తే ఇసుక, పురుగులు. తేమ లాగడానికి చిన్న యంత్రం ఉంది, రాత్రంతా తిరుగుతుంది. పిల్లలిద్దరికీ ఇవన్నీ అలవాటే.

ఆ ఏడు వేసవిలో స్కాట్లాండు వెళ్లొచ్చాక ఒక కొత్త ఇబ్బంది కనిపించింది. నేలలో అక్కడక్కడా చిన్న జాలీలున్నాయి. వాటి గుండా రోడ్డు దుమ్ము పైకి లేచి, లేత రంగు తివాచీ మీద బూడిద గీతలా పేరుకుంది. ఆయన వెండి రంగు టేపు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో జాలీకి కొలిచి అతికించారు. అంచులు వేలితో నొక్కారు. ఆ గీతలు మళ్లీ పడలేదు.

ఆగస్టులో తెనాలి నుంచి ఆయన తల్లి వచ్చింది. భర్త పోయాక కొడుకు దగ్గరికి రావడం అదే మొదటిసారి. పెట్టెలో సగం పిల్లల కోసం తెచ్చిన తినుబండారాలు. ఒక సీసా గోంగూర పచ్చడి, వెల్లుల్లి వేసి పెట్టింది. కొడుకుకి చిన్నప్పుడు అది లేకపోతే ముద్ద దిగేది కాదు.

సెప్టెంబరులో అందరూ విట్బీకి బయల్దేరారు. యార్క్‌షైర్ తీరంలో పాత రేవు ఊరు అది. కొండ మీద శిథిలమైన మఠం, దాని పక్కన చర్చి, కింది నుంచి పైదాకా 199 మెట్లు. పిల్లలు లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. నాయనమ్మ వాళ్ల వెనకే ఎక్కేసింది. తిరుమల కొండ నడిచి ఎక్కిన కాళ్లు.

సాయంత్రం సైటుకి తిరిగొచ్చేసరికి కారవాన్ కప్పు మీద సీగల్ రెట్టలు పడున్నాయి. డాక్టరు గారు నిచ్చెన వేశారు. రెట్ట ఎండితే పెయింటును తింటుంది. తడిగుడ్డ కప్పి నాననిచ్చి ఎత్తేయాలి తప్ప గోకకూడదు. ఆయన దిగొచ్చేసరికి చీకటి పడింది. తల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

“లోపలికి వెళ్లలేదేమ్మా?”

“కాళ్లు కడుక్కుందామని నాయనా. నీళ్లు ఎక్కడ పోసుకోవాలో తెలియలేదు.”

ఆవిడకి పడక వంటింటి పక్కన, కింది బంక్‌లో ఇచ్చారు. బంక్ కింద ఒక అర. సంచీ, శాలువా, కొబ్బరినూనె సీసా అందులో పెట్టుకుంది. పచ్చడి సీసా కూడా అందులోనే. చలి మొదలైంది కాబట్టి రాత్రి గ్యాసు హీటరు వేశారు.

దీపాలు ఆర్పాక కాసేపటికి ఆవిడ పిలిచింది.

“ఏదో వాసన వస్తోంది నాయనా. వెల్లుల్లి లాగా. లీలగా.”

డాక్టరు గారు లేచి కూర్చుని గాలి పీల్చారు. ఆయన పడక ఎత్తు మీద. అక్కడ ఏమీ తెలియలేదు. కిందికి దిగి అర తలుపు తెరిచారు. పచ్చడి సీసా కనిపించింది.

“వెల్లుల్లి ఇందులోదే అమ్మా. మూత సరిగా పెట్టలేదు.”

“పెట్టానే.”

ఆయన సీసా తీసుకెళ్లి బయట గుడారంలో పెట్టారు. వచ్చి అరలో మల్లెపూల వాసన స్ప్రే కొట్టారు. గుడ్డలకి ఒకసారి పడితే ఈ వాసనలు నెలల తరబడి వదలవని, చలికాలమంతా తలుపులు మూసి ఉండే బండి అని, కోప్పడకుండానే చెప్పారు.

తల్లి తలూపింది. మర్నాడు భోజనాల దగ్గర పచ్చడి సీసా బయటికి రాలేదు.

రెండో రాత్రి ఆవిడ ఎవర్నీ పిలవలేదు.

తెల్లవారాక డాక్టరు గారి భార్య పిల్లలకి పాలు కాచడానికి లోపలి స్టవ్ వెలిగించింది. డాక్టరు గారు చిన్న చీపురుతో తివాచీ ఊడుస్తూ బంక్ దగ్గర ఆగారు. అర తలుపు ముందు, అరచేయంత మరక. వేలు పెట్టి చూశారు. కొబ్బరినూనె.

“అమ్మా, ఇదేమిటి?”

తల్లి పడక మడత పెడుతోంది. చూసింది. ఏమీ అనలేదు.

“నూనె రాసుకోవాలంటే బయట కూర్చుని రాసుకోమన్నాను కదమ్మా. లేత రంగు తివాచీ ఇది.”

“చేయి జారింది నాయనా.”

ఆ పూట సముద్రం ఒడ్డుకి ఆయన వెళ్లలేదు. మరక తీస్తూ ఉండిపోయారు. నూనె మరకని రుద్దకూడదు, రుద్దితే పాకుతుంది. ముందు కాగితపు రుమాళ్లు అద్ది పీల్చనిచ్చారు. ఆ పైన బేకింగ్ సోడా చల్లి ఆరనిచ్చి యంత్రంతో లాగారు. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు నీళ్లలో కలిపి, తెల్లగుడ్డతో అంచుల నుంచి మధ్యకి అద్దారు. మళ్లీ సోడా. మళ్లీ గుడ్డ. పిల్లలు తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు. మరక పల్చబడింది. పోలేదు. పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తుంది.

“ఇక పోదు,” అన్నారు భార్యతో. “అమ్మకి ఇలాంటివి అలవాటు లేవు. తప్పు ఆవిడది కాదు, తీసుకొచ్చిన నాది. వచ్చే ఏడు వస్తే ఇంట్లోనే ఉంటుంది.”

పలుచటి గోడలు. తల్లి బయట కుర్చీలో కూర్చుని ఉంది.

అక్టోబరులో ఆవిడ తెనాలి వెళ్లిపోయింది. ఆ తర్వాత వారమే కారవాన్‌ని చలికాలానికి సిద్ధం చేశారు. ఆ పని చూసిన వాళ్లెవరైనా ఆయన్ని మెచ్చుకోవలసిందే. గొట్టాల్లో, వాటర్ హీటర్‌లో చుక్క నీరు లేకుండా వంపేశారు. నీరు మిగిలితే గడ్డకట్టి గొట్టం పగులుతుంది. కుళాయిలు తెరిచే ఉంచారు. ఫ్రిజ్ తలుపు వారగా తెరిచి గడి వేశారు, లోపల బూజు పట్టకుండా. మెత్తలు గోడకి ఆనకుండా నిలబెట్టారు. టాయిలెట్ క్యాసెట్ కడిగి, దాని రబ్బరు అతుక్కుపోకుండా మూత తెరిచి వదిలారు. ఎలుకలు రాకుండా బిస్కెట్ నుసి కూడా ఏరారు. గుడారం గుడ్డ ఎండే వరకు గరాజులో ఆరేసి, అప్పుడు మడిచారు. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలారు, పట్టేసిన బ్రేకు తుప్పుకి అతుక్కుపోతుందని. ఊరి బయట, కారవాన్లు నిలిపే యార్డులో పెట్టి తాళం వేశారు.

మార్చిలో ఏటేటా చేయించే తనిఖీకి మెకానిక్ యార్డుకే వచ్చాడు. వయసు మళ్లినవాడు. తేమ కొలిచే పరికరం తీసుకుని మూలమూలకీ ఆనించాడు. ఇరవై దాటితే కీడు. ఏ మూలా పదిహేను దాటలేదు.

“ఇంత శుభ్రంగా ఉన్న బండిని ఈ ఏడాది చూడలేదు,” అన్నాడు.

డాక్టరు గారు ఆ మాట కోసం చలికాలమంతా ఆగినట్టు కనిపించారు. బట్టల అర తలుపు తీసి వాండరర్ బొమ్మ చూపించారు.

మెకానిక్ గ్యాసు లైను దగ్గరికి వచ్చాడు. పరికరం తగిలించి చూశాడు. ఒత్తిడి నిలవలేదు. సూది మెల్లగా కిందికి దిగింది. స్టవ్ కింద చెక్క విప్పి, రాగి గొట్టం బిగింపు మీద సబ్బు నురగ లాంటిది చల్లాడు. చూస్తూ ఉండగానే బుడగలు లేచాయి.

“రోడ్డు కుదుపులకి వదులవుతాయి. ఇది వదులై కొంతకాలం అయ్యుంటుంది,” అన్నాడు. తర్వాత టార్చి తీసుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. వెండి టేపు మీద వెలుతురు పడింది. ఇంకో జాలీ దగ్గరికి పాకాడు. అక్కడా టేపు.

లేచి కూర్చున్నాడు.

“ఇవి ఎవరు మూశారు?”

“నేనే. దుమ్ము వస్తోందని.”

“ఈ గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీద నిలుస్తుంది. అది కిందికి జారిపోవడానికే ఈ జాలీలు.” గోడ మీద అలారం వైపు చూపించాడు. “అది కార్బన్ మోనాక్సైడ్‌కి. దీన్ని పసిగట్టదు. చివరిసారి ఎంతమంది పడుకున్నారు?”

“ఐదుగురం.”

“పొద్దున ఈ స్టవ్ వెలిగించారా?”

“పిల్లలకి పాలు కాచాం.”

మెకానిక్ ఏమీ అనకుండా మళ్లీ వంగాడు. బంక్ కింది అర తెరిచి, తల లోపలికి పెట్టి, గోడవారకి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు.

“ఇదొక్కటి తెరిచి ఉంచారు,” అన్నాడు. “స్టవ్‌కి దగ్గర్లో ఉన్నదిదే. పోవలసినదంతా ఇందులోంచే పోయింది. దీన్ని ఎందుకు వదిలేశారు?”

డాక్టరు గారు తను దేన్నీ వదల్లేదన్నారు. తనూ మోకాళ్ల మీద కూర్చుని చూశారు. జాలీ మీద టేపు లేదు. జిగురు జాడ కూడా లేదు. ఎవరో గీత గీతా ఓపిగ్గా తుడిచారు. ఆయన మోకాలి కింద తివాచీ మీద పక్క వెలుతురు పడి, పాత మరక కనిపించింది.

బయటికొచ్చి తెనాలికి ఫోను చేశారు. అక్కడ సాయంత్రం.

“అమ్మా, విట్బీలో నువ్వు పడుకున్న చోట, కింద అరలో...”

అవతల కాసేపు మాట లేదు.

“ఆ టేపు నేనే తీశాను నాయనా. పచ్చడి వాసన ఇంకా పోలేదు, కాస్త గాలి తగిలితే పోతుందని. జిగురు అంటుకుని ఉంటే నువ్వు బాధపడతావని నూనె పెట్టి తుడిచాను, చీకట్లో ఒలికింది. ఆ మరక పోయిందా?”