మాస్టారూ, చేతులు కట్టుకోండి

ఆ సోమవారం హెచ్.ఎం. గారు పిలిచి, "మాస్టారూ, ఈసారి జిల్లా రోబోటిక్స్ పోటీకి మన టీమ్ వెళ్ళి తీరాలి. ఇక మీరే చూసుకోవాలి" అన్నారు. గురువారం డాక్టరు గారు రిపోర్టు కాగితం నా వైపు తిప్పి, "మాస్టారూ, షుగర్ బోర్డర్‌లో ఉంది. ఇక మీరే చూసుకోవాలి" అన్నారు. డబ్బుల మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆ ఏడాది అనుభవంతో, రేపో మాపో ఇలాగే ఇరుక్కోబోయే తోటి ఉపాధ్యాయుల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తు.చ. తప్పకుండా పాటించండి. సంవత్సరం తిరిగేసరికి మీ రోబో కదలదు, మీ బరువూ కదలదు.

ముందుగా ల్యాబ్. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అదృష్టవంతులు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. పది లక్షలు ల్యాబ్ పెట్టడానికి, పది లక్షలు ఐదేళ్ళు నడపడానికి. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకూ పిల్లలు తమ చేతులతో తామే ఏదో ఒకటి చేసి చూడాలని దాని ఉద్దేశం. మీ ఉద్దేశం మాత్రం సామాను భద్రంగా ఉండాలని. కాబట్టి తాళం చెవి బీరువాలో పెట్టి, బీరువా తాళం చెవి ఎక్కడ పెట్టారో మరిచిపోండి. మా త్రీడీ ప్రింటర్‌కి ఏటా దసరాకి, ఆయుధపూజ నాడు, పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళం. అది అచ్చుపోసిన వస్తువుల కంటే దాని ఒంటి మీది బొట్లే ఎక్కువ. 2025 బడ్జెట్‌లో వచ్చే ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు పెడతామన్నారు. అంటే పసుపు కుంకాలకి కొదవ ఉండదు.

తర్వాత టీమ్. ఫస్ట్ ర్యాంకుల వాళ్ళనే ఏరుకోండి. వాళ్ళు స్క్రూడ్రైవర్ని పెన్ను పట్టినట్టు పట్టుకుని, "సార్, ఇది పరీక్షకి వస్తుందా?" అని అడుగుతారు. రాదని చెప్పగానే సగం మంది తగ్గుతారు, మీకూ పని తగ్గుతుంది. నాకు ఆ తెలివి లేక, ఎవరొస్తే వాళ్ళని రానిచ్చాను. వచ్చినవాళ్ళు నలుగురు. మోటారు వైండింగ్ షాపు వాళ్ళమ్మాయి, తొమ్మిదో తరగతి. తాతకి ఎడ్లబండి ఉన్న ఎనిమిదో తరగతి కుర్రాడు. ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి. ఎప్పుడూ మాట్లాడే ఒక అబ్బాయి. వీడు తీగల పై ప్లాస్టిక్‌ని పళ్ళతో ఒలిచేస్తాడు, ఎన్నిసార్లు కటింగ్ ప్లయర్ చేతికిచ్చినా సరే.

చేయాల్సింది లైన్ ఫాలోవర్. తెల్ల ఫ్లెక్సీ మీద నల్ల టేపు గీత, దాని మీద పట్టు తప్పకుండా నడిచే బండి. కింద ఐఆర్ సెన్సర్లు రెండు. తెలుపు పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది, నలుపు మింగేస్తుంది, ఆ తేడాతో బండి దారి తెలుసుకుంటుంది. చెప్పడానికి ఇంతే. మొదటి వారమంతా ప్రోగ్రామ్ బోర్డులోకి ఎక్కలేదు. బోర్డు మార్చాం, కంప్యూటర్ మార్చాం, నేను డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మూడుసార్లు వేశాను. చివరికి ఆ మాట్లాడని అమ్మాయి నోరు విప్పి, "సార్, ఇది మీ ఫోను చార్జింగ్ వైరు కదా" అంది. నిజమే. చార్జింగ్ కోసమే చేసే చవక కేబుళ్ళలో డేటా తీగలు ఉండవు. కరెంటు వెళ్తుంది, కబురు వెళ్ళదు. ఏళ్ళ తరబడి నా పాఠాలు కూడా కొన్ని తరగతుల్లో అలాగే వెళ్ళాయేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బ్యాటరీ విషయంలో నా సలహా గట్టిది. పలకలా ఉండే ఆ 9 వోల్టుల చిన్న బ్యాటరీయే కొనండి. అంకె పెద్దది కదా, చాలదా అనిపిస్తుంది. చాలదు. దాని లోపలి నిరోధం ఎక్కువ. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోయి, ఆర్డుయినో బోర్డు తెలివి తప్పి, మళ్ళీ మొదటి నుంచీ లేస్తుంది. బండి ఒక అడుగు వేస్తుంది, ఆలోచిస్తుంది, ఇంకో అడుగు వేస్తుంది. పొద్దున టిఫిన్ మానేసి రెండు టీలతో బడికొచ్చి నాలుగో పీరియడ్‌లో బోర్డు ముందు నిలబడే మాస్టారి పరిస్థితి సరిగ్గా ఇదే. "ఓమ్ నియమం ఏమనగా..." అని ఆగిపోతారు. పిల్లలు మర్యాదగా ఎదురు చూస్తారు.

మేం 3.7 వోల్టుల లిథియం సెల్స్ రెండు వరుసగా కలిపి పెట్టాక బండికి ప్రాణమొచ్చింది. అక్కడ కూడా మధ్యలో ఎల్298ఎన్ అనే మోటార్ డ్రైవర్ ఉంటుంది. దళారీ లాంటిది. అటు 7.4 వోల్టులు ఇస్తే రెండు వోల్టుల దాకా తన కమీషన్ పట్టుకుని మిగతాది మోటార్లకి పంపిస్తుంది. ఆ తినేదాన్ని వేడిగా మార్చుకుని కూర్చుంటుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. వైండింగ్ షాపు అమ్మాయి ఒక్కసారి వేలు పెట్టి చూసి, "ఇది బాగా తింటోంది సార్" అంది. ఎందుకో నా వైపు చూస్తూ అంది.

తిండి సంగతి కూడా చెప్పాలి కదా. ఆరోగ్యానికి స్టాఫ్‌రూమ్‌ని మించిన చోటు లేదు. ఒకరికి ఇంక్రిమెంటు, ఒకరి అబ్బాయికి సీటు, ఒకరు కొత్త బండి కొన్నారు. ఏడాదికి పనిదినాలు ఎన్నో స్వీటు బాక్సులు దాదాపు అన్ని. వద్దనకండి, వద్దంటే వాళ్ళ శుభానికి మీరు అడ్డుపడినట్టు. పిల్లలకి బడిలో కొన్ని రోజులు రాగిజావ, కొన్ని రోజులు చిక్కీ ఇస్తారు. ఆ రాగిజావ రుచి చూసే బాధ్యత మీద వేసుకోండి, గ్లాసు మాత్రం మీదే తెచ్చుకోండి, పెద్దది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచీ మా ఇంట్లో రాత్రిళ్ళు కొర్రన్నమే. కొర్రలు మంచివి కదా అని నేను రెండు పళ్ళాలు తింటాను. కొర్రలు గొంతు దిగాలంటే ఆవకాయ కావాలి, ఆవకాయ దిగాలంటే నెయ్యి కావాలి. చిరుధాన్యం ఆఖరికి ఆ పళ్ళెంలో మైనారిటీలో పడుతుంది.

నీళ్ళు తాగకండి. తాగితే మధ్యలో తరగతి వదిలి వెళ్ళాలి, వెళ్తే వెనక నుంచి సంత మొదలవుతుంది. మా టీచరమ్మలు చాలామంది ఈ లెక్క వేసుకునే గొంతు ఎండబెట్టుకుంటారు, ఇది నవ్వులాట విషయం కాదు. నా సీసా పొద్దున నిండుగా వెళ్ళి సాయంత్రం నిండుగానే తిరిగొచ్చేది. మా ఆవిడ దాన్ని పైకెత్తి చూసి, "రోజూ నీళ్ళని షికారు తిప్పి తెస్తున్నారా?" అనేది.

పరీక్షల విషయంలో మాస్టార్లకి ఉన్న అనుభవం ఇంకెవరికి ఉంది? ఫాస్టింగ్ షుగర్ పరీక్షని యూనిట్ టెస్ట్ అనుకోండి. ముందు రోజు రాత్రి పొట్ట మాడ్చుకుని, బట్టీ పట్టినట్టు పాసైపోవచ్చు. కానీ హెచ్‌బీఏ1సీ అని ఒకటుంది, అది పాత హెడ్‌మాస్టరు లాంటిది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్ని రోజులూ రక్తంలో తిరిగిన చక్కెర కొంత దానికి అంటుకునే ఉంటుంది. రెండు మూడు నెలల రికార్డు అంతా తీసి ముందు పెడుతుంది. గ్రేస్ మార్కులుండవు.

నడక విషయానికొస్తే, రోజుకి పదివేల అడుగులు అని ఫోను పోరు పెడుతుంది. ఆ అంకె ఏ వైద్య గ్రంథంలోంచీ ఊడిపడలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది, దాని పేరుకి అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. పేరు పలకడానికి బాగుంది, లోకమంతా నడవడం మొదలెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు శ్రమ. మీరు మాత్రం పదివేలనే లక్ష్యంగా పెట్టుకోండి, అందకపోతే మానేయడానికి కారణం దొరుకుతుంది. నేను మొదట ఫోనుని రోబో మీద కట్టి వదిలాను. అరగంట తిరిగినా పట్టుమని పది అడుగులు రాలేదు. అడుగుకి అడుగుకి మధ్య వచ్చే కుదుపుని బట్టి ఫోను లెక్కపెడుతుంది, చక్రానికి ఆ కుదుపెక్కడిది? తర్వాత ఇంటర్వెల్‌లో ఏడో తరగతి వాడొకడి జేబులో పెట్టి పంపాను. పావుగంటలో రెండు వేలు దాటాయి. ఆరోగ్యం ఇంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇప్పుడు చెబుతాను. రోబో ఎక్కడ ఆగినా వెంటనే స్క్రూడ్రైవర్ లాక్కుని మీరే బాగుచేయండి. పిల్లలు చుట్టూ నిలబడి మీ వీపు చూసి నేర్చుకుంటారు.

నేను రెండు నెలలు ఇలాగే నేర్పాను. ఒకరోజు బండి గీత వదిలి పదేపదే ఎడమకి పోతోంది. ఒకే ప్యాకెట్‌లో వచ్చిన పసుపు గేరు మోటార్లు రెండూ ఒకే వేగంతో తిరగవు, ఇది అందరికీ వచ్చే తంటాయే. నేను సెన్సర్ విప్పాను, టేపు మార్చాను, చక్రం తుడిచాను. ఆఖరికి ఫేస్ అటెండెన్స్ పని చేయడం లేదని ఎవరో పిలిస్తే, ఫోను ముందు మొహం అటూ ఇటూ తిప్పుతూ పది నిమిషాలు వరండాలో నిలబడాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి బండి తిన్నగా పోతోంది.

"ఏం చేశార్రా?"

ఎడ్లబండి తాత మనవడు సిగ్గుపడ్డాడు. "కుడిపక్క ఎద్దు ఉషారుగా ఉంది సార్. పగ్గం కొంచెం బిగించాం."

ప్రోగ్రామ్ తెరిచి చూశాను. ఎడమ మోటారుకి 200, కుడి మోటారుకి 183. వేగం అంకె 0 నుంచి 255 వరకూ ఇవ్వొచ్చని నేనెప్పుడో చెప్పి మరిచిపోయాను. 183 ఎలా వచ్చిందంటే, 180 పెడితే ఇటు పోయిందట, 185 పెడితే అటు పోయిందట.

ఆ రోజు నుంచీ ల్యాబ్‌లో నాకొక శిక్ష వేశారు. మనం పిల్లలకి వేసే శిక్షే. స్టూలు మీద కూర్చుని చేతులు కట్టుకోవాలి. విప్పితే, ఆ వాగుడుకాయ "సార్, చేతులు!" అని అరుస్తాడు. మొదటి వారం అరచేతులు దురద పెట్టాయి. పునుగుల బండి ముందు చేతులు కట్టుకుని నిలబడటం కంటే ఇది కష్టం, ఆ రెండూ చేసి చూసినవాడిగా చెబుతున్నాను.

పోటీ రోజున ఆ శిక్ష ఎంత పనికొచ్చిందో. మేం సాధన చేసింది ట్యూబ్‌లైట్ కింద, పోటీ పెట్టింది షామియానా కింద, పదకొండు గంటల ఎండ పక్కనుంచి ట్రాక్ మీద పడుతోంది. ఎండలో పరారుణ కాంతికి కొదవా? సెన్సర్లకి గీత, నేల అన్నీ తెలుపైపోయి, మా బండి నడిరోడ్డు మీద గేదెలా నిలబడిపోయింది. కోచ్‌లు తాడు దాటి రాకూడదు. కారణం నాకు తెలుసు. పోయినేడాదే ఈ పాఠం చెప్పాను. నోరు నొక్కుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మాట్లాడని అమ్మాయి బండిని ఎత్తి, అరచేతి నీడలో పెట్టి చూసింది. మళ్ళీ ఎండలో పెట్టింది. మళ్ళీ నీడలో. తర్వాత తాడు దగ్గరికొచ్చి నా సంచీలోంచి చాక్‌పీసుల డబ్బా లాక్కుని, సుద్దముక్కలన్నీ నా చేతుల్లో ఒంపేసి, అట్ట చించి సెన్సర్ల చుట్టూ లంగాలా కట్టింది. జట్కా గుర్రానికి కళ్ళ పక్కన కట్టే గంతల్లా. సెన్సర్ మీది బుల్లి నీలం డబ్బాలోని చిన్న స్క్రూని ఓ పావు తిప్పు తిప్పింది. బండి కదిలింది. ఆరో స్థానం వచ్చింది. సర్టిఫికెట్లు ఐదు స్థానాల వరకే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వాళ్ళు అలసట మాట ఎత్తకుండా గుసగుసలు మొదలుపెట్టారు. అర్థం వారం తర్వాత తెలిసింది. ల్యాబ్‌లో నా టేబుల్ మీద జంతికల డబ్బా ఒకటి ఉంటుంది, పిల్లల కోసమని చెప్పి నేను తెచ్చుకునేది. దానికి ఎదురుగా రెండు కళ్ళ అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించారు. చెయ్యి పది సెంటీమీటర్ల లోపుకి వస్తే బజర్ కూస్తుంది. పక్క తరగతులకి వినిపించేంత.

నేను వాళ్ళ మాస్టార్ని. ఆ సెన్సర్ పని చేసేది శబ్దం తగిలి వెనక్కి రావడం మీద. మెత్తటి గుడ్డ శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. చేతికి మందపాటి తువ్వాలు చుట్టుకుని నాలుగు రోజులు హాయిగా గడిపాను. తువ్వాలుకి అంటుకున్న వామూ నువ్వులూ చూసి పట్టేశారు.

ఇప్పుడు సెన్సర్ తీసేశారు. దాని బదులు వెలుగుని కనిపెట్టే ఎల్‌డీఆర్ ఒకటి డబ్బా లోపలే, మూతకి కింద అంటించారు. మూత తెరిస్తే వెలుగు పడుతుంది, పడితే కూస్తుంది. తువ్వాళ్ళు పనికిరావు. పిల్లలకి మంచి పాఠం అని హెచ్.ఎం. గారు మెచ్చుకున్నారు కూడా. వాళ్ళ లెక్కలో ఒక్క లోపం ఉంది. సాయంత్రం ఆరున్నర దాటాక లైటు తీసేస్తే ల్యాబ్‌లో కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. ఆ టైముకి బడిలో ఏ మాస్టారూ ఉండరని వాళ్ళ ధీమా. రోబోటిక్స్ కోచ్ ఇంటికి బయల్దేరేది ఎన్నింటికో వాళ్ళకింకా తట్టలేదు.